నాయన మోకాలు, నా పేటెంట్లు

మా ఇంట్లో ముందు గది మగ్గానిది, నడిమిల్లు నాది. రెండింటికీ మధ్య తలుపు లేదు, పాత చీర ఒకటి అడ్డం కట్టి ఉంటుంది. అటు నాయన పట్టుచీర నేస్తుంటే ఇటు నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పేటెంట్లు చదువుతుంటాను. బెంగళూరు ఆఫీసువాళ్ళతో మీటింగు ఉన్న ప్రతిసారీ ఎవరో ఒకరు 'మీ వెనకాల ఆ చప్పుడేంటి?' అని అడుగుతారు. మగ్గం అని చెప్తే 'అబ్బ, ఎంత బాగుందో' అంటారు. బాగానే ఉంటుంది, రోజుకు పది గంటలు విననివాళ్ళకు.

కరోనా అప్పుడు రెండు నెలలని చెప్పి ధర్మవరం వచ్చినదాన్ని. ఆ తర్వాత ఆఫీసువాళ్ళు ఇంటినుంచే చెయ్యమన్నారు, నేనూ సరేనన్నాను, ఏళ్ళు గడిచిపోయాయి. బయటికి పోదామంటే ఎండ, లోపలుంటే రేకుల వేడి. రేకుల కింద ఫ్యాను కూడా వేడిగాలే ఇస్తుంది.

నా ఉద్యోగమేమిటో ముందే చెప్పాలి. ఎవరైనా కొత్త వస్తువో మందో కనిపెడితే, 'ఇది మాది, ఇన్నేళ్ళ వరకు ఇంకెవరూ చెయ్యకూడదు' అని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంటారు. ఆ హక్కే పేటెంట్. ప్రపంచంలో ఎవరు, ఎక్కడ, దేనిమీద అర్జీలు పెడుతున్నారో వెతికి, చదివి, ఒక పెద్ద పట్టికలో వరుసలుగా ఎక్కించడం నా పని. ఆ ఏడాది నా వంతుకు వచ్చింది పునరుత్పాదక వైద్యం. అరిగిపోయిందో కాలిపోయిందో తెగిపోయిందో, ఆ శరీర భాగాన్ని మళ్ళీ మొలిపించే వైద్యమన్నమాట.

చదవగా చదవగా దేశాలు మనుషుల్లా తెలిసిపోతాయి. అమెరికావాళ్ళు ఒక్కదాన్నే పట్టుకుని పది దేశాల్లో అర్జీ పెడతారు. చైనాలో యూనివర్సిటీలు కుప్పలు తెప్పలుగా పెడతాయి, ఎక్కువభాగం తమ దేశంలోనే. జపాన్‌వాళ్ళు కణాన్ని ఎలా పెంచాలో ఎంత ఓపికగా రాస్తారంటే, చదివేవాళ్ళకు ఆ ఓపిక ఉండదు. మొదట్లో అందరూ మూలకణాల మీద పడ్డారు. పోనుపోను కణాలు లేకుండానే పనిచేసే జెల్లుల మీదికి, కణాలు వదిలే సన్నని బుడగల మీదికి మళ్ళారు. ఇండియా పేరు మాత్రం దుర్భిణి వేసి వెతుక్కోవాలి. అన్ని దేశాలవీ కలిపి ఏ ఏటికా ఏడు అర్జీల లెక్క గీస్తే గీత పైకే పోతుంది. నేను చదివే ఆ లోకంలో ఎవరికీ ఏదీ అరిగిపోదు, అరిగినా మళ్ళీ వస్తుంది.

అనంతపురంలో బయోటెక్నాలజీ చదివేటప్పుడు నేను కూడా తెల్లకోటు వేసుకుని అలాంటిదేదో చేస్తాననే అనుకున్నాను. చివరికి ఊరందరి పెళ్ళిళ్ళకూ శుభలేఖలు రాసిపెట్టేవాడి బతుకైంది నాది. ఈ మంట నాలో ఎప్పుడూ ఉండేది. దానికి తోడు నాయన మాటలు.

"పొద్దన్నుంచి కూసోని చూస్తానే ఉండావు. చేసేది యెప్పుడు పాపా?" అనేవాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థంకాక. ఆయన లెక్కలో సాయంత్రానికి జానెడు బట్టైనా కనపడాలి. నా పని సాయంత్రానికి కూడా పొద్దున ఉన్నట్టే ఉండేది.

నాయనది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు వదిలి, గట్టు మీద కూర్చుని, అడుగున పలకలు తొక్కుతూ నేస్తాడు. పదమూడో ఏట దిగినవాడు అరవై దగ్గరపడినా ఎక్కలేదు. కుడి మోకాలు ముందుగా మొరాయించింది. అనంతపురం తీసుకుపోయి ఎక్స్‌రే తీయిస్తే డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"గుజ్జు అరిగిపోయింది. మోకాలి చిప్ప మార్చాలి. ఇప్పుడింకా కాలు బాగానే మడుస్తున్నావు కాబట్టి, ఆపరేషన్ అయ్యాక కూడా ఆ మడత చాలావరకు దక్కుతుంది. గుంటలోకి మాత్రం దిగొద్దు. బల్ల మీద కూర్చుని నేసే మగ్గం పెట్టుకో, ఐదారు నెలల్లో మళ్ళీ పనికి పోవచ్చు," అన్నాడు. ఆరోగ్య కార్డు మీద తేదీ కూడా ఇచ్చారు.

నాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడని నాకు ఆయన మాటతో తెలియలేదు, మగ్గాన్ని చూస్తే తెలిసింది. మాలో మగ్గం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఉన్న పడుగు, అంటే మగ్గానికి నిలువుగా పరిచిన పోగులు, అయిపోవస్తుంటే దాన్ని పూర్తిగా లాగెయ్యరు, కొసలు ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, ఒక్కొక్క పోగునూ పాత కొసకు మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు, రెండు రోజుల పని. ఒకసారి అతికితే ఆ పడుగులోని చీరలన్నీ కోసేదాకా నేతగాడు మగ్గం దిగడు. ఇంకొకరిని కూర్చోబెడితే పోగును బిగించే దెబ్బ తేడా వచ్చి చీర చెడుతుంది. ఆపరేషన్ తేదీకి ముందు నాయన కొత్త పడుగు తేలేదు. పాత కొసలు కట్టకట్టి మగ్గానికి వేలాడుతుండేవి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మగ్గం అట్లా ఊరికే ఉండడం చూడలేదని అమ్మ అంది.

తేదీకి ఇంకా పదిహేను రోజులున్నాయి. పని లేక నాయన నా వెనక మంచం మీద కూర్చుని గంటల తరబడి నన్నే చూసేవాడు. ఒకరోజు మళ్ళీ అదే మాట. "ఇదంతా యెవురి కోసం చదువుతాండావు? దీంట్లో మనకేమన్నా ఉండాదా?"

నాకు ఒళ్ళు మండింది. "మనకా? చూడు," అని ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. అప్పుడే ఒక జెల్లు గురించి చదువుతున్నాను. అరిగిన మోకాట్లో సూదితో వేస్తే గుజ్జు మళ్ళీ పెరుగుతుందని దాని సారాంశం. పేటెంట్ కాగితాల్లో బొమ్మలుంటాయి. ఇందులో మోకాలిని నిలువునా కోసినట్టు గీసి, ఒక్కో భాగానికీ గీత లాగి అంకె వేశారు. పది ఎముక, పన్నెండు గుజ్జు, పద్నాలుగు జెల్లు.

నాయన కళ్ళద్దాలు తెచ్చుకుని వంగి చూశాడు. చీర డిజైను గళ్ళ కాగితం మీద గీస్తే ఎలా చూస్తాడో అలాగే, వేలితో ఒక్కో అంకెనూ తాకుతూ చూశాడు.

"ఇది రాయించుకున్నారా?"

"రాయించుకున్నారు."

"మన దేశంలో కూడానా?"

పట్టిక చూశాను. ఇండియా పేరు ఉంది. "ఉండాది నాయనా."

"ఎన్నేండ్లకు వస్తాది?"

నాకేం తెలుసు? అయినా ఆయన మొదటిసారి నా పనిని పనిలా చూస్తున్నాడు. "రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు," అన్నాను.

దాన్ని జిరాక్సు షాపులో అచ్చు తీయించుకురమ్మన్నాడు. తెస్తే గుంట పక్క గోడకు మేకు కొట్టి పెట్టుకున్నాడు. అమ్మ దాన్ని చూసి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అంది. నాయన వినిపించుకోలేదు.

నాలుగో రోజు పొద్దున నేను మీటింగులో ఉండగా అడ్డంగా కట్టిన చీర అవతల ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. మీటింగు అయ్యాక తీసి చూస్తే పడుగు అతికేవాళ్ళు ఇద్దరు మగ్గం వెనక కూర్చుని ఉన్నారు. బూడిద అద్దుకున్న వేళ్ళతో పోగు మీద పోగు మెలిపెడుతున్నారు. అప్పటికే సగం అయిపోయింది.

"ఇదేంది నాయనా? ఆపరేషనో?"

"ఆపరేషన్ యేమిటికిమ్మా? గుజ్జే వస్తాంటే ఉన్న చిప్ప కోయించుకునేది యెందుకు? రెండేండ్లు యెట్లనో లాగుతా."

"అది ఇంకా కాగితం మీదే ఉంది నాయనా."

ఆయన నవ్వాడు. తల పైకెత్తి మగ్గం మీదున్న జకార్డును చూపించాడు. డిజైను ప్రకారం బెజ్జాలు కొట్టిన అట్టలు దానికి దండలా వేలాడుతుంటాయి. ఆ బెజ్జాల ప్రకారమే పోగులు లేస్తాయి. ఒక డిజైనుకు అట్టలు కొట్టించడమంటే మాటలు కాదు, ఆ చీర నేస్తామని గట్టిగా అనుకుంటేనే ఎవరైనా ఆ పనికి దిగుతారు.

"బొమ్మ గీసినారు, అంకెలేసినారు, దేశదేశాల్లో రాయించినారు. అట్టలు కొట్టినాక చీర రాకుండా యాడికి పోతాది?" అన్నాడు.

అప్పుడే చెప్పి ఉండాలి, పేటెంట్ అలాంటిది కాదని. చాలామంది నెయ్యకుండానే అట్టలు కొట్టి పెట్టుకుంటారని, పక్కవాడు నెయ్యకుండా ఉండడానికి కూడా కొట్టి పెట్టుకుంటారని. నోటిదాకా వచ్చింది. కానీ ఆ ఇద్దరు ఆడవాళ్ళు నావైపు చూసి, నాయనతో "మోకాళ్ళ మందు మీ పాపే చేస్తాందంట కదన్నా," అన్నారు. నాయన కాదనలేదు. నేనూ కాదనలేదు. ఆపరేషన్ తేదీ రావడం, పోవడం రెండూ జరిగాయి.

ఇక్కడ నా పనిలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. పట్టికలో చివరి గడి, ఆ పేటెంట్ ప్రాణంతో ఉందా లేదా అని. మా భాషలో లైవ్, డెడ్. ఆ గడిని చదివేటప్పుడు నింపం. చదవడమంతా అయ్యాక, అన్నిటికీ కలిపి ఒకేసారి చూసి నింపుతాం. అందుకే ఆ రోజు నాయనకు చూపించినప్పుడు ఆ గడి ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్నదాన్ని చూపించి నేను రెండేళ్ళని చెప్పాను.

వానలు రావాల్సిన కాలంలో, అంటే మాకు మబ్బులు వచ్చి చూసిపోయే కాలంలో, ఆ గడులు నింపడం మొదలుపెట్టాను. మూడో రోజు జెల్లు వరుస వచ్చింది. అమెరికాలో వదిలేశారు. యూరప్‌లో వదిలేశారు. ఇండియాలో ఆ అర్జీని పరీక్షించమని కూడా అడగలేదు. నాయన బొమ్మను గోడకు కొట్టుకోవడానికి చాలా ముందే అన్నిచోట్లా వదిలేశారు. నా చేత్తోనే డెడ్ అని కొట్టి కింది వరుసకు వెళ్ళాను. చీర అవతల మగ్గం ఆడుతూనే ఉంది.

ఆ వారం బెంగళూరు ఆఫీసు మేడమ్ ఫోన్ చేస్తే అడిగాను, గీత గీసేటప్పుడు చచ్చినవి తీసేద్దామా అని. "వద్దమ్మా, ట్రెండ్ అంటే పెట్టిన అర్జీలన్నీ. చచ్చినవీ బతికినవీ కలిపే," అంది. ఆమె చెప్పింది మా వృత్తిలో న్యాయమే. అలా ఆ జెల్లు కూడా గీతను రవ్వంత పైకి ఎత్తింది.

నాయనకు చెప్పాలి. రేపు చెప్దామనుకున్నాను. మర్నాడు ఆయన పక్కింటి మామను పిలుచుకొచ్చి బొమ్మలోని అంకెలన్నీ తప్పు లేకుండా వివరిస్తున్నాడు. ఆదివారం చెప్దామనుకున్నాను. ఆదివారం పక్కవీధి అవ్వ ఒకామె తన ఎక్స్‌రే సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది, మందు వచ్చినప్పుడు తన పేరు కూడా రాయమని. నేను రాసుకున్నాను! కాగితం మీద నిజంగా ఆమె పేరు రాసుకున్నాను. చెప్తే నాయనకు మోకాలి మీద ఆశ పోతుంది, వీధిలో తలెత్తుకోలేడు. చెప్పకపోతే మోకాలే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెప్పాలంటే ఇవి కూడా సాకులే. ఆ నాలుగు నెలలూ పొద్దున్నే మగ్గమెక్కేముందు నాయన చీర పక్కకు తీసి, "పాప పనిలో ఉండాది, చప్పుడు చెయ్యాకు," అని అమ్మకు చెప్పేవాడు. ఆ మాట కోసం నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఆయన కాలు రోజురోజుకూ బిగుసుకుపోతోంది. మొదట గట్టు పట్టుకుని లేచేవాడు, తర్వాత అమ్మ చెయ్యిస్తే లేచేవాడు, ఆ తర్వాత నేనొక చంక, అమ్మొక చంక. ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే పలకలేదు. వెళ్ళి చూస్తే పళ్ళు బిగపట్టి కూర్చున్నాడు. మోకాలు పట్టేసింది. మడతలోనే ఆగిపోయి ఇటూ రాదు, అటూ పోదు. మేమిద్దరం లాగితే కేక పెట్టాడు. నాయన కేక పెట్టడం ఆ ఇంటికి కొత్త.

"వదిలెయ్యండి. అదే వస్తాది. అన్నం ఈడికే ఇయ్యి," అన్నాడు. అమ్మ పళ్ళెం తెచ్చి నేత మీద పడకుండా పక్కన పెట్టింది. కర్పూరతైలం తెస్తానని అంగడికి పరిగెత్తింది.

నేను గట్టు మీద ఆయన పక్కన కూర్చుని కాళ్ళు గుంటలోకి వదిలాను. పుట్టి బుద్ధెరిగాక అందులోకి కాళ్ళు పెట్టడం అదే మొదలు. అక్కడ ఇద్దరికి చోటు లేదు. కాలు చాపితే మట్టిగోడ, తలెత్తితే పడుగు. ఈయన నలభై ఏళ్ళకు పైగా దీన్లో ఉన్నాడు, ఇంకా దీన్లోనే ఉండగలిగితే చాలని నా మాట నమ్మాడు అనిపించింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను.

"నాయనా, ఆ మందు రాదు. దాన్ని వదిలేసినారు."

ఆయన ముద్ద కలుపుతున్నవాడు ఆగాడు. "యెందుకు వదిలేసినారంట?"

"అది రాయరు నాయనా. వదిలేసినట్టు ఒక్కటే ఉంటుంది. ఎందుకని రాసేదానికి గడి ఉండదు."

"నీకు యెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. నిన్ననే అని ఉంటే సరిపోయేది. "నాలుగు నెలలైంది," అన్నాను.

తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం ఊపిరాడేది. ముద్ద పళ్ళెంలోనే వదిలి, చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని, నేసిన బట్ట మీద అరచేత్తో ఒకసారి రాశాడు. అమ్మ తైలం తెచ్చింది. సాయంత్రం ఎండ తిరిగేదాకా మోకాలు వదల్లేదు. అప్పటిదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం.

పడుగులో మిగిలిన చీర కోసేశాక, అనంతపురం బస్సెక్కాం. కిటికీ పక్కన ఆయన్ని కూర్చోబెట్టాను, కాలు చాపుకోవడానికి. దారి పొడుగునా బయటికే చూశాడు. చూడ్డానికేముంది, ఎండిన వేరుశనగ చేలు తప్ప. నేను డాక్టరుతో నిజం చెప్పేద్దామని మాటలు కూర్చుకుంటున్నాను.

డాక్టరు ఆయనే. పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టాడు. కాలు పట్టుకుని మడవబోతే సగం కూడా మడతపడలేదు.

"ఆపరేషన్ చేస్తాం, నొప్పి పోతుంది, నడుస్తావు. కానీ ఈ మడత ఇక రాదు. బల్ల మగ్గం కూడా కుదరదు. నేత మర్చిపో," అన్నాడు. ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. "తేదీ ఇచ్చినప్పుడే వచ్చి ఉంటే ఈ గతి పట్టేది కాదు. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు?" అని నావైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నదానిలా ఉన్నావు. నువ్వైనా చెప్పొద్దా?"

నేను నోరు తెరిచాను. నాయన నా మణికట్టు మీద చెయ్యి వేసి నొక్కాడు.

"పాప చెప్తానే ఉన్నింది సార్. నేనే రాలే. భయమేసింది."

పాము కరిచినప్పుడు కూడా భయమేసిందని అనని మనిషి. మూడేళ్ళు వరసగా వానల్లేక, చీరలు అమ్ముడుపోక వీధిలో సగం మగ్గాలు ఆగినప్పుడు కూడా అనలేదు. డాక్టరు మెత్తబడ్డాడు. "అందరికీ ఉంటుందిలే పెద్దాయనా," అని చీటీలో ఏదో రాసి నా చేతికిచ్చాడు.

కాగితాలు చదివి తప్పు లేకుండా పట్టికకు ఎక్కించడమే నా ఉద్యోగం. పేషెంటు భయం వల్ల ఆలస్యం అని రాసి ఉంది. రెండుసార్లు చదివాను. మడిచి సంచిలో పెట్టుకున్నాను.